షుగరు ముప్పు తగ్గాలంటే తినే వేళ, పడుకునే వేళ ఎలా సరిచేసుకోవాలి?

ఒకే భోజనం, అవే పదార్థాలు, అంతే పరిమాణం. ఉదయం ఎనిమిదింటికి తిన్నా, రాత్రి ఎనిమిదింటికి తిన్నా రక్తంలో గ్లూకోజు ఒకేలా పెరగాలి కదా? పెరగదు. 2015లో బోస్టన్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవారిని ప్రయోగశాలలో ఉంచి ఈ తేడాను కొలిచారు. రాత్రి భోజనం తర్వాత గ్లూకోజు ఉదయం కంటే 17 శాతం ఎక్కువగా నమోదైంది. నిద్ర వేళలను, భోజన వేళలను తలకిందులు చేసి చూసినా, శరీరం లోపలి గడియారం లెక్కలో సాయంత్రం అయినప్పుడు ఈ పెరుగుదల కనిపిస్తూనే ఉంది.

షుగరు మాట రాగానే ఏం తినాలి, ఎంత తినాలి అనే దగ్గరే ఆగిపోతాం. ఎప్పుడు తినాలి అన్న ప్రశ్న వేసేవారు తక్కువ. షుగరు సరిహద్దులో ఉందని తెలిసినవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో మధుమేహం ఉన్నవారు అన్నిటికంటే ముందు సరిచేసుకోవలసినవి రెండు వేళలని నేను గట్టిగా నమ్ముతాను: పొద్దున లేచే వేళ, రాత్రి చివరి ముద్ద తినే వేళ. ఈ రెండూ ఒక దారికి వస్తే మిగతావాటిలో చాలా భాగం వాటంతటవే సర్దుకుంటాయి. ఆ పని ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ తొందరపడకూడదో ఇక్కడ చెబుతాను.

ముందు ఈ జాగ్రత్త చదవండి

మీరు ఇప్పటికే ఇన్సులిన్ వేసుకుంటున్నా, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడుతున్నా మీ అంతట మీరు భోజన వేళలు మార్చకండి. ఈ మందులు మీరు తిన్నారా లేదా అన్నది చూడవు, వాటి పని అవి చేసుకుపోతాయి. రాత్రి భోజనం రెండు గంటలు ముందుకు జరిపి మందును పాత వేళలోనే ఉంచితే, నిద్రలో షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, అయోమయం దాని గుర్తులు. మందు మోతాదు, వేళ రెండూ డాక్టరుతో మాట్లాడి మార్చుకున్న తర్వాతే కింది మార్పులు మొదలుపెట్టండి. గర్భిణులు, ఎదిగే పిల్లలు, తిండి విషయంలో గతంలో మానసికంగా ఇబ్బంది పడినవారు భోజనాల మధ్య విరామం పెంచే ప్రయత్నం చేయకూడదు.

అసలు గడియారం ఎక్కడ ఉంది?

రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడులో ఒకదానినొకటి దాటే చోటికి సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. శరీరం మొత్తానికి అదే పెద్ద గడియారం. దాని సహజమైన చుట్టు సరిగ్గా 24 గంటలు కాదు, సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువ. కాబట్టి రోజూ దాన్ని సరిదిద్దుకోవాలి. ఆ పని చేసేది వెలుగు. కంటిలో చూపుతో సంబంధం లేకుండా, ముఖ్యంగా నీలి వెలుగును పసిగట్టి ఈ గుంపుకు కబురు పంపే ప్రత్యేక కణాలు ఉన్నాయి.

కణం లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో పండు ఈగల్లో తేల్చినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఒక జన్యువు ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. ఆ ప్రోటీన్ రాత్రంతా పేరుకుని, చివరికి తనను తయారు చేసిన జన్యువునే ఆపేస్తుంది. పగటిపూట ప్రోటీన్ కరిగిపోగానే జన్యువు మళ్లీ మేల్కొంటుంది. ఈ చక్రం ఒకసారి తిరగడానికి ఒక రోజు పడుతుంది.

మన విషయానికి ముఖ్యమైనది దీని తర్వాత తెలిసిన సంగతి. ఇలాంటి గడియారాలు మెదడులోనే కాదు, కాలేయంలో, క్లోమంలో, కండరాల్లో, కొవ్వు కణాల్లో కూడా ఉన్నాయి. పెద్ద గడియారం వెలుగును చూసి నడుస్తుంది, కాలేయంలోని గడియారం తిండి వచ్చే వేళను చూసి నడుస్తుంది. 2000లో స్విట్జర్లాండ్‌లో చిట్టెలుకలకు అవి సహజంగా నిద్రపోయే వేళలో మాత్రమే తిండి పెట్టి చూస్తే, కాలేయం గడియారం పూర్తిగా తలకిందులైంది, మెదడు గడియారం మాత్రం కదలలేదు. అర్ధరాత్రి తినే అలవాటు ఉన్న మనిషిలో జరిగేది కూడా ఇలాంటిదే. మెదడు రాత్రి అంటుంది, కాలేయం పగలు అంటుంది. ఈ రెండింటి మధ్య తేడా నెలల తరబడి, ఏళ్ల తరబడి నిలిచిపోతే ఇన్సులిన్ పనితీరు మెల్లగా దెబ్బతింటుంది.

మొదటి పని: వారం రోజులు ఏమీ మార్చకుండా రాసుకోండి

చాలామంది ఈ పని వదిలేసి నేరుగా ఉపవాసాల్లోకి దూకుతారు. దయచేసి అలా చేయకండి. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని ఏడు రోజులు, అందులో సెలవు రోజులు కూడా కలిసేలా, ఈ వివరాలు రాయండి: ఎప్పుడు లేచారు, ఎప్పుడు ఆరుబయటి వెలుగులోకి వచ్చారు, మొదటి ముద్ద ఎప్పుడు, చివరి ముద్ద ఎప్పుడు, దీపం ఎప్పుడు ఆర్పారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది.

మొదటి ముద్ద, చివరి ముద్ద విషయంలో నిజాయితీగా ఉండండి. చక్కెర వేసిన కాఫీ, టీ, పాలు, పండ్లరసం, సినిమా చూస్తూ నోట్లో వేసుకున్న గుప్పెడు చిరుతిండి అన్నీ తిండి కిందికే వస్తాయి. మంచినీళ్లు మాత్రమే లెక్కలోకి రావు. రాత్రి ఎనిమిదికే భోజనం ముగిస్తున్నానని నమ్మేవారి పుస్తకంలో చివరి ముద్ద పదకొండుకు కనిపించడం అరుదేమీ కాదు.

వారం ముగిశాక ఒక చిన్న లెక్క చేయండి. పనిరోజుల్లో మీరు 11 గంటలకు పడుకుని 6 గంటలకు లేస్తున్నారనుకుందాం. నిద్ర మధ్యభాగం రెండున్నర. సెలవు రోజున ఒంటి గంటకు పడుకుని 9 గంటలకు లేస్తే నిద్ర మధ్యభాగం ఐదు. తేడా రెండున్నర గంటలు. అంటే వారం వారం విమానం ఎక్కకుండానే రెండున్నర గంటల తేడా ఉన్న దేశానికి వెళ్లి, మళ్లీ తిరిగి వస్తున్నారన్నమాట. జర్మనీకి చెందిన టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు పెట్టింది. మీ తేడా గంటలోపు ఉంటే దిగులు అక్కర్లేదు. రెండు గంటలు దాటితే మీరు మొదలుపెట్టవలసినది తిండి దగ్గర కాదు, నిద్ర దగ్గర.

రెండో పని: లేచే వేళను కదలకుండా పెట్టుకోండి

పడుకునే వేళను మనం శాసించలేం, నిద్ర పిలిస్తే రాదు. లేచే వేళ మాత్రం మన చేతిలో ఉంటుంది. అందుకే అక్కడ మొదలుపెట్టాలి. పనిరోజుకు సరిపోయే వేళను ఎంచుకుని సెలవు రోజున కూడా అరగంట, మహా అయితే గంట తేడాలో లేవండి. నిద్ర చాలలేదనిపిస్తే మధ్యాహ్నం 20, 30 నిమిషాలు కునుకు తీయండి, పొద్దుటి వేళను మాత్రం పాడుచేయకండి.

లేచిన గంటలోపు ఆరుబయటికి వెళ్లండి. ఇంట్లో దీపాలు ఎంత వెలుగుగా అనిపించినా సాధారణంగా కొన్ని వందల లక్స్ దాటవు (లక్స్ అంటే వెలుగును కొలిచే కొలమానం). మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుగు వేల లక్స్‌లలో ఉంటుంది. మన కళ్లు ఈ తేడాకు ఇట్టే సర్దుకుంటాయి కాబట్టి మనకు తెలియదు, గడియారానికి మాత్రం బాగా తెలుస్తుంది. 20 నుంచి 30 నిమిషాలు నడిస్తే చాలు. సూర్యుడి వైపు నేరుగా చూడవలసిన అవసరం ఎప్పుడూ లేదు, చూడకూడదు కూడా.

మూడో పని: చివరి ముద్దను ముందుకు జరపండి

అసలు ఫలితం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీరు మామూలుగా పడుకునే వేళకు సుమారు రెండు గంటల ముందు నుంచి రక్తంలో మెలటోనిన్ పెరగడం మొదలవుతుంది. చీకటి పడిందని శరీరం అంతటికీ చాటే హార్మోన్ ఇది. ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోని బీటా కణాల మీద కూడా దాన్ని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. మెలటోనిన్ తగిలినప్పుడు ఆ కణాలు ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తాయి. రాత్రంతా ఏమీ తినని మనిషికి ఇది మంచి ఏర్పాటు, నిద్రలో షుగరు పడిపోకుండా కాపాడుతుంది. కానీ సరిగ్గా అదే సమయంలో నిండు భోజనం చేస్తే? గోదాము మూసి కూలీలు ఇళ్లకు వెళ్లిపోయాక వచ్చిన సరుకు లారీ పరిస్థితే ఆ భోజనానిది. దించుకునేవారు లేక సరుకు వీధిలోనే నిలబడిపోతుంది. గ్లూకోజు రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది.

2022లో స్పెయిన్‌లో 845 మంది పెద్దలపై జరిగిన అధ్యయనం దీన్నే చూపింది. ఒకరోజు పడుకునే వేళకు నాలుగు గంటల ముందు, మరోరోజు ఒక గంట ముందు గ్లూకోజు ద్రావణం తాగించి పోల్చారు. ఆలస్యమైన రోజున ఇన్సులిన్ తగ్గింది, గ్లూకోజు పెరిగింది. మెలటోనిన్ గ్రాహకానికి సంబంధించిన ఎంటీఎన్‌ఆర్‌1బీ అనే జన్యువులో ఒక రకపు మార్పు ఉన్నవారిలో ఈ దెబ్బ మరింత గట్టిగా కనిపించింది. ఆ మార్పు చాలామందిలో ఉండేదే. ఇంట్లో మధుమేహం ఉన్నవారు రాత్రి భోజనం గురించి ఎక్కువ పట్టుదలగా ఉండాలనడానికి ఇది ఒక కారణం.

కాబట్టి లక్ష్యం ఇది: పడుకునే వేళకు మూడు గంటల ముందు చివరి ముద్ద. గోడ గడియారం ఎంత చూపిస్తోందన్నది ముఖ్యం కాదు, మీ నిద్ర వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పదింటికి పడుకునేవారికి ఏడు, పన్నెండింటికి పడుకునేవారికి తొమ్మిది. స్వభావరీత్యా రాత్రి ఆలస్యంగా నిద్రపట్టేవారిని సాయంత్రం ఆరుకే తినేయమనడం వారిని మళ్లీ పదకొండుకు వంటగదిలోకి పంపడమే.

ఒక్కరోజులో రెండు గంటలు జరపకండి. మూడు నాలుగు రోజులకు ఒకసారి 20 నుంచి 30 నిమిషాలు ముందుకు తీసుకురండి. ఆకలి కూడా గడియారం ప్రకారమే వస్తుంది. పాత వేళకు కొద్ది రోజులు కడుపు గోల పెడుతుంది, కొత్త వేళ అలవాటైతే ఆ గోల సద్దుమణుగుతుంది.

రాత్రి విపరీతమైన ఆకలి వేస్తుందంటే దాని మూలం చాలాసార్లు మధ్యాహ్నంలో ఉంటుంది. పగలంతా సరిగ్గా తినకుండా పనిలో పడిపోయినవారు రాత్రి ఆ అప్పంతా ఒకేసారి తీరుస్తారు. మధ్యాహ్న భోజనంలో ప్రోటీన్, పీచు పెంచండి. సాయంత్రం నాలుగైదు గంటల మధ్య గింజలో, పప్పుధాన్యాలో, పెరుగో, గుడ్డో తినండి. రాత్రి ఆకలి సగానికి పైగా అక్కడే తీరుతుంది.

ఇంట్లో అందరూ తొమ్మిదిన్నరకు కలిసి కూర్చుని తింటారు, మీరొక్కరే ముందు తినేస్తే ఆ సందడి పోతుంది. అది చిన్న నష్టమేమీ కాదు. ఇలా చేయవచ్చు: పిండిపదార్థాలున్న భాగాన్ని మీరు ఏడింటికే తినేసి, తొమ్మిదిన్నరకు అందరితో కూర్చుని కొద్దిగా కూరగాయలో, చప్పటి సూపో తీసుకోండి. క్లోమం మీద భారమంతా ముందే దిగిపోతుంది.

ఏ దారీ లేక ఆలస్యంగా తినవలసి వచ్చిన రోజున కూడా చేతులెత్తేయకండి. ముందు కూరగాయలు, ప్రోటీన్ తిని పిండిపదార్థాలు చివర్లో, తక్కువగా తినండి. తిన్నాక 10 నుంచి 15 నిమిషాలు నెమ్మదిగా నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా అవసరం లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. ఆ వేళలో ఇంతకంటే మంచి మందు లేదు.

నాలుగో పని: తిండి బరువును పగటి వైపు మళ్లించండి

తినే వేళల మొత్తం వ్యవధి పది నుంచి పన్నెండు గంటలు ఉంటే చాలామందికి సరిపోతుంది. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి సాయంత్రం ఏడుకు ముగిస్తే అది పదకొండు గంటలు. ఇంతకంటే కుదించడం తప్పనిసరి కాదు.

పొద్దుట ఏమీ తినకుండా మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు తినే పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. పదహారు గంటల ఉపవాసం అని దానికి పేరు. షుగరు ముప్పు ఉన్నవారికి దీన్ని నేను సిఫారసు చేయను. ఇన్సులిన్ చక్కగా పనిచేసే పొద్దుటిపూటను ఖాళీగా వదిలేసి, అది మందగించే రాత్రిపూట కడుపు నింపడం అవుతుంది. 2018లో అమెరికాలో మధుమేహానికి ముందు దశలో ఉన్న పురుషులపై జరిగిన చిన్న అధ్యయనంలో పొద్దుట మొదలుపెట్టి మధ్యాహ్నం మూడులోపు తిండి అంతా ముగించేలా చేశారు. ఐదు వారాల్లో బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగుపడ్డాయి. మూడింటికే తిండి ముగించడం ఎవరి జీవితానికీ సరిపడదు, దాన్ని అనుకరించమని చెప్పడం లేదు. ఏ వైపు మొగ్గాలో మాత్రం ఆ ఫలితం చెబుతోంది.

2013లో ఇజ్రాయెల్‌లో జరిగిన మరో అధ్యయనం ఇంకా ఆచరణకు దగ్గరగా ఉంటుంది. అధిక బరువున్న మహిళలు రెండు జట్లుగా రోజుకు 1,400 కేలరీలే తిన్నారు. ఒక జట్టు పొద్దుట 700, మధ్యాహ్నం 500, రాత్రి 200. మరో జట్టు పొద్దుట 200, మధ్యాహ్నం 500, రాత్రి 700. పన్నెండు వారాల తర్వాత పొద్దుట ఎక్కువ తిన్న జట్టులోనే బరువు, గ్లూకోజు, ఇన్సులిన్ ఎక్కువగా తగ్గాయి.

వ్యవధిని కుదిస్తే చాలు, బరువు దానంతటదే కరిగిపోతుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. 2022లో చైనాలో వచ్చిన ఏడాదిపాటు సాగిన అధ్యయనంలో కేలరీలు తగ్గించినవారు, కేలరీలు తగ్గిస్తూ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు మధ్యే తిన్నవారు దాదాపు సమానంగానే బరువు తగ్గారు. వేళ ముఖ్యమే, అయినా పరిమాణానికి అది ప్రత్యామ్నాయం కాదు.

ఐదో పని: రాత్రిని చీకటిగా ఉంచండి

2022లో షికాగో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతను ఒక రాత్రి సుమారు 100 లక్స్ వెలుగులో పడుకోబెట్టారు. దీపం వెలిగించిన మామూలు గదిలో ఉండేంత వెలుగు అది. మసక చీకటిలో పడుకున్నవారితో పోలిస్తే వారి గుండె రాత్రంతా కాస్త వేగంగా కొట్టుకుంది, మర్నాడు పొద్దుట ఇన్సులిన్ పనితీరు తగ్గింది. ఒక్క రాత్రికే ఇంత. పడకగదిలో దీపం వెలిగించి, టీవీ నడుస్తుండగా నిద్రపోయే అలవాటుంటే ఈ రోజే మానేయండి. పడుకునే ముందు రెండు గంటలు తల మీద పడే తెల్లని దీపాల బదులు పక్కన ఉండే మసక పసుపు దీపం వాడండి. రాత్రి లేవవలసి వస్తుందనుకుంటే నేలకు దగ్గరగా ఎర్రటి చిన్న దీపం చాలు.

నిద్ర పొడవు కూడా అంతే ముఖ్యం. 1999లో షికాగోలోనే ఆరోగ్యవంతులైన యువకులను వరుసగా ఆరు రాత్రులు నాలుగు గంటలే నిద్రపోనిస్తే, గ్లూకోజును సర్దుకునే శక్తి మధుమేహం వస్తున్నవారి స్థాయికి పడిపోయింది. పెద్దలకు ఏడు గంటలు కనీసం అనుకోండి. గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగుతోందని పక్కన పడుకున్నవారు చెబితే, ఎన్ని వేళలు సరిచేసినా ఆ సమస్య తీరదు. దానికి నిద్ర పరీక్ష, చికిత్స ఉన్నాయి, డాక్టరును అడగండి.

కాఫీ, టీలను మధ్యాహ్నం రెండు మూడు గంటలకే ఆపేయండి. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది.

ఆరో పని: మీ శరీరం మీదే పరీక్షించి చూడండి

మరొకరి దేశంలో, మరొకరి ఒంట్లో వచ్చిన ఫలితం ఎంత నిజమైనా నమ్మకం కుదరదు. మీ వేలి మీది రక్తపు చుక్క చెబితే కుదురుతుంది. గ్లూకోమీటర్ ఉంటే ఇలా చేయండి.

మీరు తరచూ తినే, కొలత సులభంగా ఉండే ఒక భోజనాన్ని ఎంచుకోండి. ఒకరోజు దాన్ని ఉదయం ఎనిమిదిన్నరకు తినండి. మరో రోజు అదే కొలతలో, అదే వరుసలో రాత్రి తొమ్మిదిన్నరకు తినండి. రెండుసార్లూ దానికి ముందు కనీసం నాలుగు గంటలు ఏమీ తినకుండా ఉండాలి, తిన్న తర్వాత వ్యాయామం చేయకూడదు. మొదటి ముద్దకు ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకు మరోసారి కొలవండి. తినడం ముగిసినప్పటి నుంచి కాదు, మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కొలిచే ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోండి. పండు కోసిన వేలి మీద మిగిలిన కాస్త రసం చాలు, అంకె అమాంతం పెరిగిపోతుంది. వేలి కొసన కాకుండా పక్కభాగంలో గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క రాకపోతే వేలిని పిండకండి, చేతిని కిందికి వేలాడదీసి కొద్దిసేపు ఆగండి.

ఇంట్లో వాడే మీటర్లు 15 శాతం వరకు అటూ ఇటూ చూపవచ్చు. కాబట్టి ఒక్క జంట అంకెలతో తీర్పు చెప్పకండి. వేర్వేరు రోజుల్లో మూడు నాలుగుసార్లు చేసి, ముందూ తర్వాతా అంకెల మధ్య తేడాలను పక్కపక్కన రాసుకోండి. పొద్దుట తేడా 35, 40 దగ్గర, రాత్రి తేడా 60, 70 దగ్గర పదే పదే కనిపిస్తుంటే మీ రాత్రి భోజనం గురించి ఇక ఎవరూ మీకు నచ్చజెప్పనక్కర్లేదు.

ఈ పరీక్షల్లో చాలామందిని బెంబేలెత్తించేది పరగడుపు అంకె. రాత్రి పెందలాడే తిన్నారు, తక్కువే తిన్నారు, అయినా పొద్దుట షుగరు పడుకునేటప్పటి కంటే ఎక్కువ! దీనికి కారణం కూడా జీవగడియారమే. తెల్లవారుజామున మిమ్మల్ని లేపడానికి సిద్ధమవుతూ శరీరం కార్టిసాల్ వంటి హార్మోన్లను పెంచుతుంది, కాలేయం గ్లూకోజును వదులుతుంది. ఆరోగ్యవంతుల్లో ఇన్సులిన్ దాన్ని వెంటనే సర్దేస్తుంది. మధుమేహం ఉన్నవారిలో సర్దలేకపోతుంది. దీన్ని చూసి భయపడి రాత్రి భోజనం పూర్తిగా మానేయకండి. కొన్ని రోజులు పడుకునే ముందు, తెల్లవారుజామున మూడింటికి, లేవగానే మూడుసార్లు కొలిచి ఆ అంకెలు డాక్టరుకు చూపండి. మూడింటికి షుగరు తక్కువగా ఉండి పొద్దుటికి పెరుగుతుంటే మందు మోతాదు ఎక్కువైందేమో చూడాలి, మూడింటికి మామూలుగా ఉండి ఆ తర్వాత పెరుగుతుంటే అది వేకువజాము హార్మోన్ల ప్రభావం. రెండింటికీ చికిత్స వేరు.

రాత్రి డ్యూటీ చేసేవారికి

పైన చెప్పినవన్నీ చదివి, రాత్రుళ్లు పనిచేసే నర్సులు, కాపలాదారులు, డ్రైవర్లు, కర్మాగార కార్మికులు మా సంగతేమిటని అడగవచ్చు. అడగాలి కూడా. అందరికంటే ఎక్కువ ముప్పు వారికే. అమెరికా నర్సులపై దశాబ్దాలపాటు సాగిన అధ్యయనాల ఫలితాలు 2011లో వెలువడ్డాయి. మారుతూ ఉండే రాత్రి డ్యూటీలు ఎన్ని ఏళ్లు చేస్తే టైప్ 2 మధుమేహం ముప్పు అంత పెరుగుతూ పోయిందని తేలింది. ఇది వారి అశ్రద్ధ వల్ల కాదు. 2009లో బోస్టన్‌లో పూర్తి ఆరోగ్యంతో ఉన్నవారి నిద్ర, భోజనాలను జీవగడియారానికి ఎదురుగా తిప్పితే, కొద్ది రోజుల్లోనే కొందరిలో తిన్న తర్వాతి గ్లూకోజు మధుమేహానికి ముందు దశలో ఉన్నవారి స్థాయికి చేరింది.

ఉద్యోగం మార్చుకోమని చెప్పడం సులభం, చేయడం కాదు. అయితే 2021లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం మంచి దారి చూపింది. 19 మందిని ప్రయోగశాలలో రాత్రి డ్యూటీ తరహాలో మేల్కొలిపి ఉంచారు. సుమారు సగం మంది రాత్రీ పగలూ తిన్నారు, మిగతావారు పగలు మాత్రమే తిన్నారు. రాత్రి తిన్నవారిలో గ్లూకోజు 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవారిలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు, ఇద్దరూ ఒకే రకంగా మేల్కొన్నా సరే.

దీన్ని మీ రోజుకు ఇలా అన్వయించుకోండి. డ్యూటీకి బయలుదేరే ముందు సాయంత్రమే ప్రధాన భోజనం చేయండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదారు గంటల వరకు పెద్ద భోజనం వద్దు. ఆకలి తట్టుకోలేకపోతే గింజలు, గుడ్డు, పెరుగు వంటివి కొద్దిగా తినండి, తీపి పానీయాలు మాత్రం వద్దు. కాఫీ తాగాలనుకుంటే డ్యూటీ మొదటి సగంలోనే తాగండి. ఇంటికి వచ్చాక తేలికగా తిని, మందపాటి తెరలు వేసిన చీకటి గదిలో, ఫోను మూగబోయేలా చేసి పడుకోండి. రాత్రంతా మేల్కొన్నవారు స్వయంగా బండి నడుపుకుంటూ రాకపోవడం మంచిది. కళ్లు మూతపడుతుంటే ఎక్కడైనా ఆగి 20 నిమిషాలు నిద్రపోయి తర్వాతే కదలండి. మధుమేహం మందులు వాడుతున్నవారు రాత్రి తినకుండా ఉండే ఈ పద్ధతిని డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

డ్యూటీల పట్టిక మీద మీ మాట చెల్లుతుందంటే రెండు విషయాలు అడగండి. డ్యూటీలు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరుసలో ముందుకు జరగాలి, వెనక్కి కాదు. మన గడియారం 24 గంటల కంటే కొంచెం పొడవు కాబట్టి ఆలస్యంగా పడుకోవడం దానికి సులువు, తొందరగా పడుకోవడం కష్టం. రెండోది, ఒక డ్యూటీ ముగిసి మరొకటి మొదలయ్యేలోపు కనీసం పదకొండు గంటల విరామం.

ఎప్పుడు, ఏ పరీక్ష చేయించుకోవాలి?

మార్పులు మొదలుపెట్టే ముందు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) చేయించి పెట్టుకోండి. పరగడుపున 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ. పరగడుపున 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మధుమేహం, దాన్ని సాధారణంగా మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఎర్ర రక్తకణం ఆయువు సుమారు 120 రోజులు కాబట్టి హెచ్‌బీఏ1సీలో మార్పు కనిపించడానికి మూడు నెలలు పడుతుంది. నెల తిరగకుండానే మళ్లీ పరీక్ష చేయించి నిరుత్సాహపడకండి. రక్తహీనత ఉన్నవారిలో ఈ పరీక్ష తప్పు అంకె చూపవచ్చు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

మూడు నెలల తర్వాత వెళ్లేటప్పుడు నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. చివరి ముద్ద వేళ, నిద్ర వేళ, జంట అంకెలు మూడూ ఒకే పేజీలో కనిపించేలా రాసి ఉంటే డాక్టరు వాటిని రెండు నిమిషాల్లో చదవగలరు. మందు అవసరమా, ఉన్న మందు వేళ మార్చాలా అన్నది ఆ పేజీని చూసే తేలుతుంది.